జంతువులు ఎక్కడివని అడిగితే ఉద్యోగం పోతుందా?

అమెరికా తూర్పు తీరంలో ఒక విశ్వవిద్యాలయ ప్రయోగశాలలో పనిచేస్తున్న తెలుగు పశువైద్యురాలి నుంచి సుదీర్ఘమైన ఉత్తరం వచ్చింది. ఆమెను గుర్తుపట్టగల వివరాలు తీసేసి సారాంశం ఇస్తున్నాను.

ఆమె పశువైద్య పట్టా మన దగ్గర తీసుకుని, అమెరికాలో డాక్టరేట్ చేసి, అక్కడే పరిశోధకురాలిగా చేరారు. ఉన్నది హెచ్1బీ వీసా మీద. గ్రీన్‌కార్డు ప్రక్రియలో ఉద్యోగమిచ్చిన సంస్థ వేసే ఐ-140 దరఖాస్తు ఏడాది క్రితమే ఆమోదం పొందింది. దాని ఆధారంగానే భర్తకు పని అనుమతి వచ్చింది, ఆయన ఉద్యోగం చేస్తున్నారు. ఒక పాప. ఊళ్లో తల్లిదండ్రులకు నెలనెలా డబ్బు పంపాలి.

ప్రయోగశాల పని టాక్సోప్లాస్మా అనే పరాన్నజీవి మీద. వేర్వేరు దేశాల్లో దాని రకాలు ఎలా మారుతున్నాయో చూస్తారు. ఖర్చు సమాఖ్య ప్రభుత్వ గ్రాంటుది. ఆగ్నేయాసియాలోని ఒక భాగస్వామి, మాంసానికి బతికున్న జంతువులను అమ్మే సంతలో పిల్లులను, కుక్కలను కొని, చంపి, గుండెలను మంచులో పెట్టి పంపుతాడు. ఈమె వాటిని నూరి, పెప్సిన్ అనే జీర్ణ ఎంజైముతో కరిగించి, ఆ ద్రవాన్ని ఎలుకలకు ఎక్కించి పరాన్నజీవిని వేరుచేస్తారు. ఇన్నాళ్లూ ఆమె చేతికి వచ్చింది అంకె వేసిన సంచులే. ఈమధ్య రెండు సంచుల అంకెలు తారుమారైతే, సరిచూసుకోవడానికి భాగస్వామి ఒక ఫొటో పంపాడు. అంకె రాసిన అట్టముక్క వెనకాల ఇనుప తీగల బోను, అందులో పసుపు చారల పిల్లి. దాని మెడలో ఎర్రదారం, దానికి చిన్న ఇత్తడి గంట.

"ఆ గంట ఎవరో కట్టిందే కదా! ఆ రోజు నుంచి సంచి విప్పాలంటే చేతులు రావడం లేదు," అని రాశారామె.

ఇప్పుడు గ్రాంటు పునరుద్ధరణకు దరఖాస్తు సిద్ధమవుతోంది. జంతువులు ఎక్కడివన్న భాగం రాయమని ప్రొఫెసర్ ఈమెకే అప్పగించారు. "స్థానిక సరఫరాదారు నుంచి సేకరిస్తాం అని రాయండి, ఎప్పుడూ అలాగే రాస్తున్నాం" అన్నారు. ఈమె సందేహం వెలిబుచ్చితే, "అవి ఎలాగూ చచ్చే జంతువులే" అన్నారు. భర్త మాట: "గ్రీన్‌కార్డు చేతికి వచ్చేదాకా నోరు మెదపవద్దు." తోటి ఉద్యోగిని ఒకరు, విదేశీ సంతల్లో జంతువులను కొనడానికి ప్రభుత్వ సొమ్ము వాడకుండా నిషేధించాలని కోరే వినతిపత్రం తెచ్చి సంతకం అడిగారు. ఇంకో స్నేహితురాలు, "ఆదివారం కోడికూర వండుకునే నీకు పిల్లి మీద జాలేమిటి?" అని తీసిపారేశారు. "సంతకం చేస్తే అన్నం పెట్టిన ప్రయోగశాలకు ద్రోహం చేసినట్టా? చేయకపోతే ఆ పిల్లికి ద్రోహం చేసినట్టా? నేనేం చేయాలి?" అని అడుగుతున్నారు.

సమాధానం

అమ్మా, మీ ఉత్తరంలో వినతిపత్రం గురించి ఒక పేజీ ఉంది, దరఖాస్తులో రాయమన్న వాక్యం గురించి నాలుగు పంక్తులే ఉన్నాయి. నా దృష్టిలో తొందరగా తేల్చుకోవలసింది ఆ నాలుగు పంక్తుల సంగతి. సంతకం వచ్చే నెల చేయవచ్చు, అసలు చేయకపోవచ్చు. దరఖాస్తుకు మాత్రం గడువుంది, పైగా ఆ వాక్యం రాయబోయేది మీరు.

"స్థానిక సరఫరాదారు" అన్నది పూర్తి అబద్ధం కాదు. అందుకే అది ఇన్నేళ్లు నిలబడింది. కానీ దాన్ని చదివే సమీక్షకులు ఏమనుకుంటారు? ప్రయోగాల కోసం పెంచి అమ్మే లైసెన్సు ఉన్న మనిషి అనుకుంటారు. వాళ్లు అలా అనుకోవాలనే ఆ మాట ఎంచుకున్నారు. సమాఖ్య ప్రభుత్వానికి తెలిసి తెలిసి తప్పుదారి పట్టించే వివరం ఇవ్వడం అమెరికాలో నేరం కిందికి రావచ్చు. ఆ ముప్పు ప్రొఫెసర్‌కు ఒక రకం, వీసా మీద ఉన్న మీకు ఇంకో రకం. మీ వారు మౌనమే క్షేమం అనుకుంటున్నారు. ఊరకున్నంత మాత్రాన మీరు పక్కన నిలబడ్డట్టు కాదని ఆయనకు చెప్పండి. రేపు ఎవరైనా పాత కాగితాలు తిరగేస్తే, ఆ భాగం రాసిన చేయి ఎవరిదని అడుగుతారు.

ఇది బెదిరించడానికి చెప్పడం లేదు. మీకు అందుబాటులో ఉన్న అతి చిన్న పని ఏమిటో చూపడానికి చెబుతున్నాను. జరుగుతున్నది జరుగుతున్నట్టు రాసి, చిత్తుప్రతిని ప్రొఫెసర్‌కు పంపండి: "నమూనాలను ఫలానా నగరంలోని బతికున్న జంతువుల సంతలో కొన్న పిల్లులు, కుక్కల నుంచి సేకరిస్తున్నాం, వాటి పూర్వ యాజమాన్యం తెలియదు." నిందలేదు, వ్యాఖ్య లేదు. ఆయనకు తప్పనిపిస్తే ఆయనే మారుస్తారు, అప్పుడు ఆ మార్పు ఆయనదవుతుంది. దీనికి ముందు, కణజాలం దిగుమతికి తీసుకున్న అనుమతిపత్రంలో మూలం కింద ఏం రాసి ఉందో, విశ్వవిద్యాలయ జంతు సంరక్షణ కమిటీకి ఇచ్చిన ప్రణాళికలో ఏముందో ఒకసారి చదవండి. మూడు కాగితాలు మూడు రకాలుగా చెబుతుంటే మీ సంభాషణ నీతి గురించి మొదలవనక్కరలేదు. "ఇవి ఒకదానితో ఒకటి కలవడం లేదు, సరిచేద్దామా?" అంటే చాలు. చాలామంది ప్రొఫెసర్లు మనస్సాక్షి గురించి మాట్లాడితే చిరాకుపడతారు గానీ, కాగితాలు కలవకపోతే నిజంగానే కంగారుపడతారు.

ఆయన వినకపోతే? అప్పుడు కమిటీలోని పశువైద్యుణ్ణి కలవవచ్చు. 1985లో వచ్చిన సవరణల తర్వాత ఇలాంటి కమిటీ లేకుండా అక్కడ ప్రభుత్వ సొమ్ముతో జంతువుల మీద పరిశోధన సాగదు. అందులో ఒక పశువైద్యుడు, సంస్థతో సంబంధంలేని బయటి వ్యక్తి ఒకరు ఉండాలి. మీరు ఫిర్యాదు ఇవ్వనక్కరలేదు, "విదేశంలో సంతలో కొన్న జంతువులు మన ప్రణాళిక పరిధిలోకి వస్తాయా?" అని సలహా అడగవచ్చు. దీని పర్యవసానం చిన్నదేమీ కాదు. ఒక్కసారి అడిగాక ఆ ప్రశ్న మీ చేతిలో ఉండదు, కమిటీ చేతిలోకి పోతుంది. ప్రొఫెసర్‌కు తెలియకుండా ఉండదు. ప్రభుత్వ గ్రాంటు మీద పనిచేసేవారు చట్ట ఉల్లంఘననో సొమ్ము దుర్వినియోగాన్నో బయటపెడితే ప్రతీకారం తీర్చుకోకూడదని సమాఖ్య చట్టం ఉంది. కానీ చట్టరక్షణ ఉన్నంత మాత్రాన సిఫారసు లేఖలో ఆప్యాయత రాదు. ఇది తెలిసే అడుగు వేయండి.

వీసా సంగతి మీ ఇంట్లో భయంగానే ఉంది తప్ప లెక్కగా లేదు. లెక్క ఇది. ఉద్యోగం పోతే హెచ్1బీ వారికి గరిష్ఠంగా 60 రోజుల వ్యవధి ఉంటుంది. ఐ-140 ఆమోదం పొంది 180 రోజులు దాటాక సంస్థ దాన్ని వెనక్కి తీసుకున్నా, గ్రీన్‌కార్డు వరుసలో మీ తేదీ మామూలుగా పోదు, దాని ఆధారంగా కొత్త చోట హెచ్1బీ పొడిగింపు కూడా అడగవచ్చు. మీది ఏడాది దాటింది. కాబట్టి "అంతా పోతుంది" అన్నది నిజం కాదు. అయితే ఒక మెలిక ఉంది. విశ్వవిద్యాలయాల హెచ్1బీలకు వార్షిక పరిమితి వర్తించదు. మీరు ఇదివరకు ఎప్పుడూ ఆ పరిమితిలో లెక్కకు రాకపోతే, ప్రైవేటు కంపెనీకి మారాలంటే లాటరీలో నిలవాలి. ఇంకో విశ్వవిద్యాలయానికి మారడమే సులువు. మీ హెచ్1బీ పోతే దానిమీద ఆధారపడిన మీ వారి పని అనుమతికీ గండమే కనుక ఆయన భయం అకారణం కాదు, దాన్ని పిరికితనం అనవద్దు. ఇద్దరూ కలిసి ఒక ఇమ్మిగ్రేషన్ న్యాయవాదికి గంటకు ఫీజు చెల్లించి ఈ లెక్క వేయించుకోండి. ప్రొఫెసర్‌తో మాట్లాడేది ఆ తర్వాత. ఇంట్లో సగం గొడవ అక్కడే సర్దుకుంటుంది.

ఇక "ఎలాగూ చచ్చే జంతువులే" అన్న మాట. మీ నిద్ర చెడగొట్టింది ఇదే అనుకుంటాను. ఎందుకంటే దానికి జవాబు వెంటనే తట్టదు. ఆ పిల్లి వరకు అది నిజమే కావచ్చు, మీ భాగస్వామి కొనకపోతే వంటవాడు కొనేవాడు. కానీ ఆ భాగస్వామి ఒక్క రోజు వెళ్లి ఊరుకోలేదు. గ్రాంటు ఉన్నన్నాళ్లూ వెళతాడు, బేరం ఎక్కువ ఆడడు, రసీదు కావాలంటాడు, వచ్చే నెల ఇన్ని కావాలని ముందే చెబుతాడు. సంతలో అంతకన్నా మంచి ఖాతాదారు ఉండడు. ఆ బోను మళ్లీ నింపే మనిషి వచ్చేసారి ఏ వీధిలో వల వేస్తాడో మీకూ తెలియదు, ఆయనకూ తెలియదు. ఆగ్నేయాసియాలో మాంసం వ్యాపారానికి పెంపుడు జంతువులను ఎత్తుకుపోవడం కొత్త సంగతి కాదు. గంట కట్టిన పిల్లి అక్కడికి ఎలా చేరిందో మీరు ఊహించినది అతిశయోక్తి అనిపించడం లేదు నాకు.

దీనికి శాస్త్రం వైపు నుంచి కూడా ఒక అభ్యంతరం ఉంది. ప్రొఫెసర్ దగ్గర మీకు బాగా పనికొచ్చేది ఇదే. ఒక ప్రాంతంలో ఏ రకం పరాన్నజీవి తిరుగుతోందో తెలుసుకోవడానికే కదా ఈ పనంతా. సంతకు జంతువులు ఎన్ని జిల్లాల నుంచి, ఎన్ని సరిహద్దులు దాటి వస్తాయో ఎవరికి తెలుసు? మీరు పటం మీద చుక్క పెట్టేది జంతువు బతికిన చోట కాదు, అమ్ముడుపోయిన చోట. అదే కబేళాలో పందుల, గొర్రెల గుండెలైతే ఏ ఊరి మంద అన్నది చాలావరకు తెలుస్తుంది. పెరట్లో మట్టి గీకి తినే నాటుకోడి ఆ నేలలో ఈ పరాన్నజీవి ఉందో లేదో చెప్పే మంచి సూచిక అని ఈ రంగంలో అందరికీ తెలిసిందే. పశువైద్యశాలల్లో వేరే కారణాలతో చనిపోయిన పిల్లుల కణజాలాన్ని యజమానుల అనుమతితో తీసుకోవచ్చు. ఇవన్నీ నిదానం. సంఖ్యలు తగ్గుతాయి, భాగస్వామికి ఊళ్లు తిరిగే ఖర్చు పెరుగుతుంది. ఆ పెరిగే ఖర్చును దరఖాస్తులో అడగడానికి ఇదే సమయం.

మీ రంగంలోనే జరిగిన సంగతి మీకు తెలిసే ఉంటుంది, అయినా మిగతా పాఠకుల కోసం చెప్పాలి. మేరీలాండ్‌లోని బెల్ట్స్‌విల్‌లో అమెరికా వ్యవసాయ శాఖకు ఒక పరాన్నజీవుల ప్రయోగశాల ఉంది. అక్కడ 1982 నుంచి పిల్లికూనలకు టాక్సోప్లాస్మా సోకిన మాంసం తినిపించి, వాటి మలంలో వచ్చే గుడ్లలాంటి ఊసిస్టులను సేకరించి, ఆ తర్వాత కూనలను చంపేసేవారు. ఊసిస్టులు పిల్లి జాతి పేగుల్లోనే తయారవుతాయి కనుక పిల్లి లేకుండా కుదరదన్నది వాదన. దాని మీద 2018లో రెండు పార్టీల సభ్యులూ కలిసి అమెరికా చట్టసభ కాంగ్రెస్‌లో బిల్లు పెట్టారు. 2019 మార్చిలో ఒక ఉద్యమ సంస్థ ఇంకో నివేదిక బయటపెట్టింది: చైనాలోని మాంసం సంతలతో సహా విదేశాల్లో సేకరించిన పిల్లుల, కుక్కల కణజాలాన్ని ప్రయోగశాల పిల్లులకు తినిపించారని. అమెరికా పన్ను కట్టేవారి సొమ్ముతో అలాంటి సంతలో జంతువులను కొన్నారన్న మాట జనాన్ని కుదిపేసింది. ఏప్రిల్ 2న వ్యవసాయ శాఖ పిల్లుల వాడకం ఆపేస్తున్నామని ప్రకటించింది. మిగిలిన 14 పిల్లులను ఉద్యోగులే పెంచుకోవడానికి తీసుకెళ్లారు.

అదే ఏడాది ఆగస్టులో విస్కాన్సిన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు ఒక ఫలితం ప్రచురించారు. పిల్లి పేగుల్లో లినోలిక్ ఆమ్లం ఎక్కువగా ఉండడమే కీలకమని గుర్తించి, ఎలుకల్లో ఆ ఆమ్లాన్ని వేరే పదార్థంగా మార్చే ఎంజైమును అడ్డుకుని, వాటికి లినోలిక్ ఆమ్లం తినిపిస్తే, ఎలుక పేగుల్లోనూ ఊసిస్టులు తయారయ్యాయి. నిషేధం వల్ల ఇది కనిపెట్టారని నేను అనడం లేదు, ఆ పని అంతకుముందు నుంచే సాగుతోంది. ఎలుకకు బాధ లేదనీ అనడం లేదు. "పిల్లి లేకుండా కుదరదు" అన్న మాట అంత గట్టిది కాదని మాత్రం తేలింది. మీ ప్రయోగశాలలో "సంత లేకుండా కుదరదు" అన్నప్పుడు ఇది గుర్తుచేయండి.

వినతిపత్రం దగ్గరికి వద్దాం. ప్రభుత్వం ఖర్చు పెట్టే మార్గాన్ని మూసేస్తే నిజంగా ఏమైనా మారుతుందా అని మీ సందేహం. మారిన సందర్భం ఉంది. అమెరికాలో 'బి' తరగతి డీలర్లని ఉండేవారు. అక్కడా ఇక్కడా సేకరించిన కుక్కలను, పిల్లులను ప్రయోగశాలలకు అమ్మేవారు. దొంగిలించిన పెంపుడు జంతువులు వాళ్ల చేతుల మీదుగా పోతున్నాయని దశాబ్దాలపాటు గొడవ నడిచింది. అసలు 1966లో జంతు సంక్షేమ చట్టం పుట్టడానికి అలాంటి దొంగతనాలే ఒక కారణం. ఆ చట్టం వచ్చాక కూడా డీలర్లు దర్జాగా బతికారు. వాళ్ల జంతువులు పరిశోధనకు తప్పనిసరి కాదని, శాస్త్ర విషయాల్లో ప్రభుత్వానికి సలహా ఇచ్చే జాతీయ అకాడమీల కమిటీ 2009లో తేల్చింది. ఆ తర్వాత వైద్య పరిశోధనకు డబ్బిచ్చే సమాఖ్య సంస్థ ఎన్‌ఐహెచ్ తన గ్రాంటు సొమ్ముతో వాళ్ల దగ్గర మొదట పిల్లులు, తర్వాత కుక్కలు కొనకూడదని చెప్పింది. 2016 ఆర్థిక సంవత్సరం నుంచి అలాంటి డీలర్లకు లైసెన్సులిచ్చే ఖర్చుకే కాంగ్రెస్ డబ్బు ఆపేసింది. ఏళ్ల తరబడి తనిఖీలతో కానిది డబ్బు ఆగడంతో అయింది. పరిశోధన ఆగలేదు.

అయితే ఈ ఆయుధానికి పరిమితులున్నాయి. ఖర్చుల బిల్లులో "ఈ చట్టం కింద ఇచ్చిన సొమ్ములో ఏదీ ఫలానా పనికి వాడరాదు" అని ఒక వాక్యం చేరుస్తారు. అది సాధారణంగా ఆ ఆర్థిక సంవత్సరానికే, అంటే సెప్టెంబరు 30 వరకే. మళ్లీ ఏటా చేర్చాలి. వ్యవసాయ శాఖ బిల్లులో చేర్చింది ఎన్‌ఐహెచ్‌ను కట్టడి చేయదు. కాబట్టి మీరు సంతకం చేసిన మర్నాడు మీ గ్రాంటు రద్దవుతుందన్న భయం వద్దు, మర్నాడే బోను ఖాళీ అవుతుందన్న ఆశా వద్దు.

నాకు అంతకన్నా ముఖ్యమనిపించేది ఆ వినతిపత్రంలోని మాటలు. మీ తోటి ఉద్యోగిని తెచ్చిన కాపీలో "కొనుగోలుకు" అని ఉందా, "ఎలాంటి పనికైనా" అని ఉందా? రెండింటికీ చాలా తేడా ఉంది. 1997లో హాంకాంగ్‌లో బర్డ్‌ఫ్లూ 18 మందికి సోకి ఆరుగురు చనిపోయారు. కోళ్ల సంతల్లో నమూనాలు తీయబట్టే వైరస్ ఎక్కడుందో తెలిసింది, నగరంలోని కోళ్లన్నింటినీ చంపి దాన్ని ఆపారు. 2003లో సార్స్‌ను పోలిన వైరస్ పునుగుపిల్లుల్లో దొరికింది షెన్‌జెన్ సంతలో తీసిన నమూనాల్లోనే. 2013లో చైనా నగరాల్లో బతికున్న కోళ్ల సంతలు మూసేయగానే హెచ్7ఎన్9 అనే ఇంకో రకం బర్డ్‌ఫ్లూ కేసులు బాగా పడిపోయాయి. మూయాలని చెప్పగలిగింది కూడా సంతల్లో చూసినవారే. గొంతులో దూదిపుల్ల పెట్టి తీసుకోవడం, బోను అడుగున రెట్ట తీసుకోవడం, గచ్చు కడిగిన నీళ్లు పరీక్షించడం నిఘా. డబ్బిచ్చి జంతువును తీసుకెళ్లడం వ్యాపారం. మొదటిదానికి ప్రభుత్వాలు ఇంకా ఖర్చు పెట్టాలి. రెండోదాన్ని ఆపాలి. కోవిడ్ తర్వాతి కోపంలో ఈ రెండూ కలిపేసి మాట్లాడేవాళ్లు ఎక్కువయ్యారు, ఆ కోపం నాకూ ఉంది, కానీ నిఘాను కోల్పోతే మూల్యం కట్టేది ఆ సంతల పక్కన బతికే జనమే.

కాబట్టి ఆ కాగితంలో కొనుగోలు వరకే ఉంటే, నేనైతే సంతకం చేస్తాను. అన్నీ కలిపి రాసి ఉంటే, నిఘాను మినహాయించమని మీ మాటల్లో విడిగా మీ ప్రాంత ప్రతినిధికి రాయండి. పశువైద్యురాలు, పరాన్నజీవుల మీద పనిచేస్తున్న మనిషి రాసిన ఒక పేజీ నూరు సంతకాలకన్నా శ్రద్ధగా చదువుతారు. పౌరసత్వం లేనివారు రాయకూడదని ఏమీ లేదు. కాకపోతే మీ సొంత ఈమెయిలు నుంచి, పనివేళలు కాని సమయంలో, విశ్వవిద్యాలయం పేరు వాడకుండా రాయండి. గ్రాంటు సొమ్ముతో అలాంటి విన్నపాలు చేయకూడదు. అసలు సంతకం చేయకూడదనుకుంటే అదీ తప్పు కాదు. దరఖాస్తులో సరైన వాక్యం రాసిన మనిషి సంతకం చేయలేదని నేను తక్కువ చేయను. సంతకం చేసి, దరఖాస్తులో మాత్రం పాత వాక్యమే రాస్తే, అది మిమ్మల్ని ఎక్కువ బాధపెడుతుంది.

కోడికూర గురించి మీ స్నేహితురాలి ప్రశ్నకు ఒకటే చెబుతాను. మాంసం తినేవాళ్లకు జంతువు బాధ గురించి మాట్లాడే అర్హత లేదంటే, మన ఊళ్లలో జీవాలు కాసే సగంమంది నోరు మూసుకోవాలి. గొర్రె కుంటితే భుజాన వేసుకుని వైద్యశాలకు మోసుకొచ్చేది వాళ్లే. మీరు పశువైద్యం చదివిన రోజుల్లో చూసే ఉంటారు. తిండి విషయం మీరు వేరుగా, తీరిగ్గా ఆలోచించుకోండి. మీ ఆహారం ఒక కొలిక్కి వచ్చేదాకా దరఖాస్తులో నిజం రాయకుండా ఆగాలని ఎక్కడా లేదు.

ఇవేవీ కుదరక, ఆ సంచులు విప్పే పని నుంచి మాత్రం తప్పుకోవాలనుకుంటే, విశ్లేషణ వైపు మార్చమని అడగవచ్చు. ఇచ్చే అవకాశం ఉంది. కానీ అప్పుడు ఆ సంచులు ఇంకొకరి బల్ల మీదికి, బహుశా కొత్తగా చేరిన విద్యార్థి బల్ల మీదికి వెళతాయి. అది తెలిసి అడిగితే తప్పు లేదు. మనిషికి భరించగలిగే హద్దు ఉంటుంది.

చివరగా ఆ ఫొటో. దాన్ని చెరిపేయవద్దు, వాట్సాప్‌లో ఎవరికీ పంపవద్దు, సామాజిక మాధ్యమాల్లో అసలే పెట్టవద్దు. ఆ దేశంలోని భాగస్వామికి అది ప్రమాదం తేవచ్చు, మీ వాదనను రచ్చగా మార్చవచ్చు. ఏ తేదీన, ఏ సంచుల అంకెలు సరిచూడటానికి వచ్చిందో ఒక కాగితం మీద రాసిపెట్టుకోండి. కమిటీ అడిగిన రోజు అది చూపండి. దరఖాస్తు గడువుకు కనీసం రెండు వారాల ముందే చిత్తుప్రతి ప్రొఫెసర్‌కు చేరేలా చూసుకోండి. చివరి రాత్రి ఇస్తే పాత వాక్యమే పోతుంది.